ఎక్కడికని అడగని ఇల్లు

మానుకోటలో డాక్టరమ్మ పిలుపు కోసం వరండాలో కూర్చున్న రోజు, నా పక్క కుర్చీలో ఒక అమ్మాయి ఫోనులో చూసుకుంటూ ఇంగ్లీషు వాక్యాలు వల్లె వేస్తోంది. వాళ్లమ్మను చూపించడానికి తీసుకొచ్చిందట. మర్నాడు తనకేదో కంపెనీలో ఇంటర్వ్యూ ఉందట. ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటావని తప్పకుండా అడుగుతారని ఎవరో చెప్పారు కాబట్టి దానికి జవాబు తయారు చేసుకుంటోంది. ఐ విల్ అంటుంది, కాదని ఐ యామ్ గోయింగ్ టు అంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ముప్పై ఏళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని, పక్కన ఎవరైనా అట్లా తడబడుతుంటే నోరు ఊరుకోదు. అప్పటికప్పుడు అనుకునే పనికి ఒక తీరు, ముందే మనసులో నిశ్చయం చేసుకున్న పనికి ఇంకో తీరు అని రెండు ముక్కల్లో చెప్పేశాను. "అయ్యో, గింతేనా మేడం! మా సార్ గిట్ల చెప్పనేలేదు" అని నవ్వి, ఆ పిల్ల నా వైపు తిరిగి, "మీరెందుకొచ్చిండ్రు మేడం? ఏమన్న పరేషానా?" అని అడిగింది. "ఏం లేదు బిడ్డా, ఊకెనే" అన్నాను. ఊకెనే దవాఖానకు వచ్చిన మనిషిని ఆ పిల్ల అదే మొదటిసారి చూసి ఉంటుంది.

లోపలికి పోయాక డాక్టరమ్మ ఒక కాగితం చేతిలో పెట్టింది. గర్భసంచిలో గడ్డ ఉంది, సంచి తీసేయాలి, గడ్డను పరీక్షకు పంపాలి. వచ్చే వారం గురువారం, పొద్దున ఏడింటికి, ఖాళీ కడుపుతో రావాలి, వెంట ఒక మనిషి ఉండాలి. అది జరిగి ఎనిమిది రోజులు. ఎనిమిది రోజులుగా కాలుగాలిన పిల్లిలా ఈ మూడు గదుల్లోనే తిరుగుతున్నాను. పాలు స్టవ్ మీద పెట్టి మరిచిపోతున్నాను, ఉతికిన బట్టలే మళ్లీ నానబెడుతున్నాను, ఇది రాయడానికి కూర్చుని కూడా పేజీకి నాలుగుసార్లు లేస్తున్నాను. మా ఆయన పోయి ఐదేళ్లు. ఒక్కతే కూతురు రమ్య, భూపాలపల్లిలో దవాఖానలోనే నర్సు. రోజూ సాయంత్రం ఫోను చేసి "తిన్నవా అమ్మా" అంటుంది. బీరకాయ కూర సంగతి చెబుతాను, పక్కింటివాళ్ల కుక్క సంగతి చెబుతాను. గురువారం సంగతి మాత్రం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతుంది. నవ్వొచ్చే విషయం ఏమిటంటే, ఎవరు గడప దాటినా ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని ముగ్గురు పోలీసులంత ఆరా తీసేది నేనే. మా అల్లుడు నాకు చెక్‌పోస్టు అని పేరు పెట్టాడు. ఆ చెక్‌పోస్టు ఎందుకు పుట్టిందో అతనికి తెలియదు. రమ్యకు కూడా సగమే తెలుసు.

నేను పుట్టి పెరిగింది తరిగొప్పులలో. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో బాపు, బాపును కన్న అవ్వ, నేను. అవ్వ పొద్దున్నే వాకిట్లో చల్లిన పేడనీళ్ల వాసన, పొయ్యి మీద ఉడికే జొన్న గటక వాసన, ఆమె బుగ్గన పెట్టుకునే తంబాకు వాసన ఒకదాని మీద ఒకటి పడి, ఇప్పటికీ నాకు తెల్లవారడమంటే అదే. అవ్వకు లెక్కలేనన్ని కట్టుబాట్లు ఉండేవి కాని అన్నింటికంటే గట్టిది ఒకటే: చేయబోయే పని నోటితో అనగూడదు. "అన్న పని ఆగమైతది" అనేది. బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడిగితే ఇక ఆ రోజు పొయ్యి రాజేయనంత కోపం. పొరపాటున ఎవరైనా అడిగారో, పోయేవాడు వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ లేవాలి. పోతున్న అనగూడదు, పోయొస్త అనాలి. బాపు ఈ కట్టుబాటులో తల్లిని మించినవాడు. పొద్దున లేచి, తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "పోయొస్త" అని అరుగు దిగేవాడు. జనగామ పోయాడో, పక్క ఊరి పెళ్లికి పోయాడో, సాయంత్రం సంచిలోంచి తీసేదాన్ని బట్టి మాకు తెలిసేది. మిర్చి బజ్జీల పొట్లం ఉంటే జనగామ, పసుపు అంటిన టవలుంటే పెళ్లి. మరీ తప్పనిసరి అయితే ముందురోజు రాత్రి అన్నం దగ్గర "రేపు జర పోయేదుంది" అనేవాడు. ఎవరు పోయేదో, ఎక్కడికో ఆ మాటలో ఉండదు. పోవడం అనేది ఎక్కడో దానంతటది కూర్చుని ఉన్నట్టు, మనం దాని దగ్గరికి నడిచి పోవాల్సి వచ్చినట్టు ఉంటుంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు రేపటి మీద మాటలు ఎట్లా వస్తాయి?

ఇంటర్‌కు నన్ను మానుకోటలో చిన్నమ్మ ఇంట్లో పెట్టారు. చిన్నమ్మ మొగుడు మిర్చి దుకాణంలో కాటా దగ్గర పనిచేసేవాడు. ఆయన అంగీ దండెం మీద వేస్తే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. మొదటి ఏడు నాకు అన్నీ పోగా మిగిలింది ఇంగ్లీషు, అంటే అన్నీ పాసయ్యాను, ఇంగ్లీషు పోయింది. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని రైలు పట్టాల అవతల ఉండే రాహేలమ్మ టీచర్ దగ్గరికి తీసుకుపోయింది. పెళ్లి చేసుకోని మనిషి, తెల్లచీర, గట్టి గొంతు. బళ్లో పాఠం చెప్పివచ్చి, సాయంత్రం తన ఇంటి వసారాలో చాపలు పరిచి మాకు ట్యూషన్ చెప్పేది. పాఠం మధ్యలో రైలు వస్తే, అది పోయేదాకా నోరు మూసుకుని చేతివేలు గాల్లో అట్లాగే ఉంచేది. రైలు పోయాక ఆ వేలు దించి, ఆగిన చోటి నుంచే మొదలుపెట్టేది.

రేపటి మాటలు నేను నేర్చుకున్నది ఆ చాప మీద. ఇంగ్లీషువాళ్లకు రేపు అనేది ఒకటి కాదు, నాలుగు రకాలు అని టీచర్ చెబితే మేమంతా మొహాలు చూసుకున్నాం. తలుపు చప్పుడైంది, నేను తీస్తానని లేస్తావు, అది అప్పుడే పుట్టిన ఆలోచన, దానికి విల్. ఈ ఎండాకాలం కుట్టుపని నేర్చుకుందామని నెల రోజుల కిందటే మనసులో పెట్టుకున్నావు, దానికి గోయింగ్ టు. మబ్బు నల్లగా కమ్మింది, వాన పడబోతోందని కళ్లకు కనబడుతోంది, దానికీ అదే. టికెట్ కొన్నావు, అవతల మనిషికి కబురు పెట్టావు, పెట్టె సర్దావు, అప్పుడు రేపు జరిగేదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పొచ్చు, ఐ యామ్ లీవింగ్ టుమారో అని. ఇక రైలుంది చూడు, దానికి మన ఇష్టంతో పనిలేదు, ఆరింటికి పోతుందంటే పోతుంది, అది నాలుగోది. "అన్నిట్లకు మూడోది కష్టం బిడ్డా. రెండోది నీ ఒక్కదాని మనసుల ఉంటే చాలు. మూడోదానికి ఇంకో మనిషికి తెల్వాలె" అంది టీచర్. అంత చెప్పిన ఆమె కూడా, రేపు టెస్టు పెడతానని ఇంగ్లీషులో చెప్పి, వెంటనే తెలుగులో "ప్రభువు చిత్తమైతే" అని చేర్చేది. ఇంగ్లీషులోకి పోయి చేసిన తప్పుకు తెలుగులోకి వచ్చి పరిహారం చెల్లించినట్టు ఉండేది.

ప్రతి సాయంత్రం ఒక్కొక్కళ్లం మా రేపటి గురించి ఒక వాక్యం చెప్పాలి. తక్కిన పిల్లలు చకచకా చెప్పేవాళ్లు. నా వంతు వస్తే చెమటలు. నా గురించి చెబితే అవ్వ మాట నిజమై నా పని ఆగమవుతుందని భయం. అందుకని తెలివిగా ఇంకొకరి రేపటిని చెప్పేదాన్ని. చిన్నమ్మ పక్కింటి బర్రె ఈనబోతోంది. చిన్నాయన అంగీ మార్చబోతున్నాడు. పోస్టుమ్యాను రేపు వస్తాడు. వారం రోజులు ఊరుకుని, ఎనిమిదో రోజు టీచర్ పుస్తకం మూసి, "బర్రె సంగతి బర్రె చూసుకుంటది. నీది చెప్పు" అంది. చాపలన్నీ నవ్వాయి. నేను నేలను చూస్తూ, పదాల మధ్య ఊపిరి పీల్చుకుంటూ, నేను టీచర్‌ను కాబోతున్నాను అని ఇంగ్లీషులో అన్నాను. తెలుగులో అని ఉంటే నాలుక తెగిపడేది. ఇంగ్లీషులో ఏమీ కాలేదు. ఆ రాత్రి అన్నం ఎక్కువ తిన్నాను కూడా. అవ్వకు, దేవుడికి ఇంగ్లీషు రాదు కదా అని నాకు నేను సమాధానం చెప్పుకున్నాను.

ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని టీచర్ నన్ను లాగింది. ఇంటర్ పాసయ్యాను, టీచర్ ట్రైనింగ్ అయిపోయింది, ఒకనాడు రాహేలమ్మ టీచర్ పిలిచి, చిట్యాలలో తనకు తెలిసినవాళ్లు నడిపే బడిలో చోటుందని, వచ్చే సోమవారం బడి తెరిచే రోజే చేరాలని చెప్పింది. అప్పటికి నేను చిన్నమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఆమెకు కూడా చెప్పలేదు, చేరాక చెప్పొచ్చులే అనుకున్నాను. శనివారం పెట్టె పట్టుకుని తరిగొప్పులకు వచ్చాను. బాపు కొంచెం చిక్కాడు. అన్నం సగంలో లేచిపోతున్నాడు. "ఏంది బాపు, తింటలెవ్వు?" అంటే, "ఎండలు గదా" అన్నాడు. చెబుదామని ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు నోరు తెరిచానో. మొదటి కొలువు, పోయే ముందు నోట్లోంచి వస్తే అది కాస్తా జారిపోతుందని భయం. ఆదివారం రాత్రి అన్నం దగ్గర నేను "రేపు నాకు పోయేదుంది" అన్నాను. బాపు గిలాసలో నీళ్లు తాగి, "నాగ్గూడ పోయేదుంది" అన్నాడు. అవ్వ మా ఇద్దరినీ చూసి సంతోషంగా తల ఊపింది. పద్ధతి తెలిసిన పిల్లలు అనుకుని ఉంటుంది.

సోమవారం తెల్లవారుతుండగా అరుగు మీద ఇద్దరం నిలబడ్డాం. నా చేతిలో పెట్టె, బాపు చేతిలో సంచి. "పోయొస్త అవ్వా" అని నేను, "పోయొస్త అవ్వా" అని బాపు. బస్సులో ఒకే సీటులో కూర్చున్నాం. రోడ్డు బాగుండేది కాదు, గుంత వచ్చినప్పుడల్లా బాపు సంచిలో ఏదో గణగణమనేది. సంచి మూతి కొంచెం తెరుచుకుంటే చూశాను. లోపల గిలాస, పళ్లెం, మడతపెట్టిన దుప్పటి. జనగామ బజారుకు పోయే రైతు పళ్లెం ఎందుకు పట్టుకుపోతాడు? ఆ ప్రశ్న నాకు వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, నోటిదాకా వచ్చింది, అవ్వ పెంచిన నోరు దాన్ని మింగేసింది. జనగామలో దిగాక మానుకోటకైతే నేను స్టేషన్ వైపు పోవాలి. పోలేదు, హన్మకొండ బస్సుల దగ్గర నిలబడ్డాను. బాపు అది చూశాడు. చూసి, ఏమీ అనకుండా నా పెట్టెను తనే బస్సెక్కించి పెట్టాడు. పెట్టాక నడుము పట్టుకుని కాసేపు ఆగి, "మస్తు బరువున్నది బిడ్డా" అన్నాడు. "బట్టలు బాపూ" అన్నాను. "పైలం" అన్నాడు. బస్సు కదిలింది. ఆయన ఎటు నడిచాడో జనంలో నాకు కనబడలేదు.

బాపు పట్నం పోయే బస్సెక్కాడు. కడుపులో పుండు, మూడు వారాల కిందటే పట్నంలోని పెద్ద దవాఖానలో చూపించుకుని వచ్చాడట, ఆపరేషన్‌కు సోమవారమే రమ్మన్నారట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆపరేషన్ అయింది. నాలుగో రోజు గుండె ఆగిపోయింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు, దాని మీద నాకు ఎవరితోనూ తగువు లేదు. నా తగువంతా తర్వాత జరిగినదానితో. దవాఖాన నుంచి కబురు అందాక ఊరివాళ్లు బాపును ఇంటికి తెచ్చి, నా కోసం మానుకోటకు మనిషిని పంపారు. చిన్నమ్మ "శనారమే ఇంటికి పోయిందాయె!" అని గుండెలు బాదుకుంది. కూతురు ఏమైందో ఎవరికీ తెలియదు. ఒక రాత్రి ఒక పగలు అట్లా పోయాక చిన్నమ్మకు రాహేలమ్మ టీచర్ గుర్తొచ్చింది. ఈ భూమి మీద నేను ఎక్కడున్నానో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అక్కడి నుంచి ఆ మనిషి చిట్యాలకు వచ్చి, బడి గేటు దగ్గర నన్ను పిలిపించి, కళ్లు దించుకుని, "బాపు పాణం బాగలేదక్కా" అన్నాడు. నేను తరిగొప్పుల చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఎండాకాలం, ఎంతసేపని ఉంచుతారు? వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి. బాపు మొహం నేను చూడలేదు.

కర్మ చేసే పెద్దదినం అయిన మర్నాడు నేనే ఆ దవాఖానకు పోయాను. ఎందుకు పోయానో తెలియదు, ఇంట్లో ఒకచోట నిలబడలేకపోయాను, అంతే. బాపు పడుకున్న మంచం పక్క మంచంలోని మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన భార్యే మా బాపుకు గంజి తాగించిందట, కాగితాల మీద వెంట వచ్చిన మనిషి అనే చోట వేలిముద్ర కూడా ఆమే వేసిందట. ఎవరో ఏమిటో తెలియని మనిషికి. నేనెవరో చెప్పగానే ఆమె నా చేతులు పట్టుకుంది. "టీచర్ కొలువుకు పోయిన బిడ్డవు నువ్వేనా? మీ బాపు ఒకటే ముచ్చట నీ గురించి. నేను అడిగిన, బిడ్డకు చెప్పకుంట ఎట్లొచ్చినవు అన్నా అని. 'పెట్టె బరువు చూసి నాకు ఎరుకైంది చెల్లే, దూరం కొలువుకే పోతాంది, నా సంగతి చెప్తే ఆగిపోయేది' అన్నడు." నేను ఆ వార్డులో గట్టిగా ఏడ్చాను. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. నా పెట్టె బరువు ఆయనకు అర్థమైంది, ఆయన సంచి నాకు అర్థం కాలేదు. అర్థమైన మనిషి ఎందుకు చెప్పలేదు? ఎవరి మంచి కోసం? అడుగుదామంటే మనిషి లేడు.

మళ్లీ చిట్యాలకు బయలుదేరిన రోజు, నేను గడప దాటి "పోయొస్త అవ్వా" అనగానే, పొయ్యి దగ్గర కూర్చున్న అవ్వ లేచి వచ్చింది. జీవితంలో ఒక్కసారి కూడా ఎవరినీ అడగని మనిషి, దర్వాజ పట్టుకుని నిలబడి, "ఎక్కడికే? ఏ ఊరు? ఎన్నడొస్తవు?" అని వరసగా అడిగింది. పాత అలవాటుతో వెనక్కి వచ్చి కాళ్లు కడుక్కుని నీళ్లు తాగబోయాను. "నీళ్లు గీళ్లు వద్దు. చెప్పి పో" అంది. చెప్పాను. చిట్యాల అని రెండుసార్లు అనిపించుకుని, ఆ పేరును తనలో తాను అనుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు చిట్యాలలో, మానుకోటలో ఆ నాలుగు తీరుల పాఠం ఎంతమందికి చెప్పానో. తక్కిన పాఠాలు కుర్చీలో కూర్చుని చెప్పేదాన్ని, ఈ ఒక్కటి మాత్రం బెంచీల మధ్య తిరుగుతూనే చెప్పాను. పిల్లలు నేను హుషారులో ఉన్నాననుకునేవాళ్లు. ఇప్పటి పిల్లలకు రేపు అంటే భయం లేదు. ఐదేళ్ల తర్వాతి సంగతి ఇంటర్వ్యూలో, రేపటి ప్రయాణం ఇవాళే ఫోనులో, జరగబోయే పెళ్లికి ముందే ఫొటోలు. ఎవరు ఏ బస్సులో ఎక్కడిదాకా వచ్చారో ఇంట్లోవాళ్లు ఫోనులో చుక్కను చూసి చెప్పేస్తున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది, కొంచెం కుళ్లు కూడా పుడుతుంది. కాని ఆపరేషన్ తారీకును స్టేటస్‌లో పెట్టినవాళ్లను నేను చూడలేదు. భయపడేదాన్ని దాచుకోవడంలో వాళ్లూ మా ఇంటివాళ్లే. ఇక నేనైతే, లోకమంతటినీ గడప దగ్గర ఆపి అడిగే మనిషిని, ఎనిమిది రోజులుగా బీరకాయ కూర సంగతి చెబుతున్నాను. రమ్యకు సెలవు దొరకదు, వాళ్ల పిల్లల పరీక్షలు, చిన్న ఆపరేషనే కదా, అయ్యాక చెబుదాం. ఈ సాకులన్నీ బాపు సాకులే. నేను ఆయన మీద ఇంత కోపం పెట్టుకుని, చివరికి ఆయన సంచే భుజాన వేసుకున్నానని ఈ మాటలు రాస్తుంటే తెలిసింది.

ఇవాళ మంగళవారం. పై వాక్యం రాశాక లేచి, వంటింట్లోకి పోయి, తిరిగి వచ్చి, ఫోను తీసుకుని నేనే చేశాను. "తిన్నవా అమ్మా" అని మొదలుపెట్టింది. "తినుడు సంగతి తర్వాత. ఎల్లుండి నాకు ఆపరేషన్ ఉన్నది రమ్యా. గర్భసంచిల గడ్డ. పొద్దున ఏడింటికే పోవాలె. నాకు మస్తు భయమైతాంది. నువ్వు రా" అన్నాను. అంతా ఒక్క ఊపిరిలో వచ్చేసింది. "ఎన్నడు తెలిసింది నీకు?" అంది. పోయిన సోమవారం అన్నాను. ఇక మొదలుపెట్టింది. "ఎవరెవరో ముసలోళ్ల మంచాల పక్కన నిలబడుతాన అమ్మా నేను! నా తల్లి సంగతి నాకు చెప్పవా? రోజూ ఫోన్ చేస్తి గదా! నీకేమన్న అయితే నేనెట్ల బతకాలె? ఎవరిని అడగాలె నేను?" తిడుతోంది, మధ్యలో ఏడుస్తోంది, ముక్కు చీది మళ్లీ తిడుతోంది. నేను గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. ఎనిమిది రోజుల్లో నా కాళ్లు ఒకచోట నిలిచింది అప్పుడే. ఒక్క మాటకూ అడ్డు రాలేదు. అవి నేను బాపును తిట్టాల్సిన తిట్లు. తిట్టడానికి ఆయన నాకు మిగల్లేదు. అలిసిపోయి తను ఆగాక, "ఇంక ఉన్నయా?" అని అడిగాను.

"ఉన్నయి" అంది. "రేపొచ్చి తిడత."